చేనుకు చేదు కషాయం... కాచే చేతులెవరివి?

బియ్యం కడుగుతాం. పప్పు కడుగుతాం. కూరగాయల్నయితే ఉప్పునీళ్లలో వేసి మరీ కడుగుతాం. మరి టీ పొడిని కడిగేవాళ్లని ఎక్కడైనా చూశారా?

నవ్వకండి, అడగవలసిన ప్రశ్నే ఇది. తోటలో కోసిన తేయాకును ఫ్యాక్టరీలో వాడబెడతారు, నలుపుతారు, పులియనిస్తారు, వేడిగాలికి ఆరబెడతారు. ఈ మొత్తం వ్యవహారంలో కడగడం అనే పనే లేదు. చెట్టు మీద ఉండగా వాన పడితే పడ్డట్టు, లేకపోతే ఆ ఆకు మీద నీళ్లు పడేది మన వంటింట్లోనే. పైగా మరిగే నీళ్లు! ఆ నీళ్లనే వడగట్టి, పంచదార వేసుకుని, పేపరు చదువుకుంటూ తాగుతాం.

2014లో గ్రీన్‌పీస్ సంస్థ మన దేశంలో అమ్మే 49 టీ పొడి నమూనాలను పరీక్ష చేయిస్తే 46 నమూనాల్లో ఏదో ఒక పురుగుమందు అవశేషం కనిపించింది. అవన్నీ మన దేశపు నిబంధనల పరిధిలోనే ఉన్నాయని టీ బోర్డు జవాబిచ్చింది. ఆ వాదన ఎటు తేలినా, ఒక చిక్కు మాత్రం తేయాకుకే ప్రత్యేకం. పత్తికో, మిరపకో మందు కొట్టి కోతకు కొన్నాళ్లు ఆగవచ్చు. తేయాకు సీజనులో వారం, పది రోజులకోసారి చిగురు కోస్తూనే ఉండాలి. కొట్టిన విషం విరిగిపోవడానికి వ్యవధి ఏదీ? ఆ చిగుళ్లు గిల్లేది ఎక్కువగా ఆడవాళ్ల వేళ్లే.

అందుకే అస్సాంలోని జోర్హాట్‌లో, 1911 నుంచి పనిచేస్తున్న టోక్లాయ్ తేయాకు పరిశోధన కేంద్రం వాళ్లు మందు మొక్కల వైపు చూశారు. తేయాకును పీల్చి ఆకుల్ని రాగి రంగుకు తిప్పేసే ఎర్రనల్లి మీద కొన్ని మొక్కల రసాలను పరీక్షించారు. ఆ జాబితా చదువుతూ నేను ఒకచోట ఆగిపోయాను. వస! మన బాలింతల గదుల్లో సానరాయి మీద అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాసే వసకొమ్ము! (ఇప్పుడు పిల్లల డాక్టర్లు వద్దంటున్నారు, ఆ మాటా చెప్పాలి.) దాంతోపాటు మన చేలగట్ల మీద బట్టలకు అంటుకునే ముళ్లకాయల మరులమాతంగి, బెంగాలు వాళ్లు ఘెంటు అని పిలిచే కంచెమొక్క ఆకు. ఈ రసాలు నల్లిని అణచడమే కాదు, నల్లిని తిని బతికే చిన్న అక్షింతల పురుగును పెద్దగా బాధించలేదట. మందు డబ్బాకు ఆ విచక్షణ ఎక్కడిది? అది శత్రువునూ చంపుతుంది, మిత్రుణ్నీ చంపుతుంది.

మా ఆలంపూరులో తేయాకు తోటలు లేవు. తుంగభద్ర ఒడ్డున, ఎండకు రాళ్లు పేలే ఊరు మాది. పత్తి, మిరప, కంది, వేరుశనగ... ఇవీ మా పంటలు. 2016లో మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి జోగులాంబ గద్వాల జిల్లాలో చేరాం కానీ పురుగులకు జిల్లాలతో పనిలేదు కదా! అస్సాంలో ఎర్రనల్లి అయితే మా మిరపకు తామరపురుగు, పత్తికి పచ్చదోమ, తెల్లదోమ, కాయ తొలిచే పురుగు.

జిల్లేడు గుడి

మా ఊరికి వచ్చిన వాళ్లంతా జోగులాంబ అమ్మవారిని, నవబ్రహ్మ ఆలయాలను చూసి వెళ్తారు. బాదామి చాళుక్యుల కాలం నాటి గుళ్లు, ఏడు ఎనిమిది శతాబ్దాలవి. పేర్లకు అన్నీ బ్రహ్మలే, లోపల ఉన్నది మాత్రం శివుడు! బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ... ఈ పేర్లు దేవుడివి కావు, రససిద్ధులు వాడిన మందు మొక్కలవి అని పరిశోధకుల్లో ఒక అభిప్రాయం ఉంది. రససిద్ధుడు ఈ గుళ్లు కట్టించాడని మా ఊళ్లో కథ ఎలాగూ ఉంది. పేర్ల సంగతి పండితులు తేల్చుకుంటారు గానీ, అర్కం అంటే జిల్లేడని, కుమారి అంటే కలబంద అని ఆయుర్వేదం తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. అర్కబ్రహ్మ గుడికి వెళ్లే దారి పక్కన జిల్లేడు ఇప్పటికీ విరగబూసి ఉంటుంది. ఎవరూ నాటరు, నీళ్లు పొయ్యరు, మేక కూడా ముట్టదు. పురుగులూ దాని జోలికి వెళ్లడం తక్కువ. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించామా?

కాళ్లు లేని మొక్క శత్రువు వస్తే పారిపోలేదు. అందుకే ఆకులో చేదు, పాలలో మంట, గింజలో విషం దాచుకుంటుంది. ఆ దాచుకున్నదాన్నే తీసి మన చేను మీద చల్లుకోవడం, ఇంతే కషాయం సంగతి.

అన్నీ ‘మందే’

మన భాషలో ఒక చిత్రం చూడండి. జ్వరానికి వేసుకునేది మందు. పురుగుకు కొట్టేదీ మందే. సాయంత్రం మగవాళ్లు కొట్టేదీ మందే. అప్పులు తీరక రైతు తాగేదీ... ‘మందు తాగిండు’ అనే అంటారు మా వైపు. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి చేలు లద్దెపురుగుకు బలైపోయి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు పేపర్లలో ఈ మాటే మళ్లీ మళ్లీ చదివాం. విషాన్ని విషం అని పిలిచి ఉంటే ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టుకునేవాళ్లమా అనిపిస్తుంది నాకు. 2013లో బీహారులో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, గుర్తుందా? ఆ వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు.

మందు కొట్టేది మగవాళ్లు కదా, ఆడవాళ్లకేం అంటారు. మా పొలం పనికి వచ్చే పెద్దమ్మను అడిగితే తెలుస్తుంది. పంపు వీపుకు తగిలించుకునేది ఆయనే. బిందెలతో నీళ్లు మోసేది ఈమె. డ్రమ్ములో కట్టెతో కలిపేది ఈమె. మర్నాడే ఆ చేలో వంగి కలుపు తీసేది ఈమె. సాయంత్రం ఆయన విప్పి పడేసిన చొక్కా ఒట్టి చేతులతో ఉతికేదీ ఈమే. మా గద్వాల, ఆలంపూరు వైపు విత్తన పత్తి సాగు ఎక్కువ. దాంట్లో ఒక్కొక్క మొగ్గను చేత్తో విప్పి, చేత్తోనే పుప్పొడి అంటించాలి. ఆ పనికి చిన్న వేళ్లయితే మేలని ఏళ్ల తరబడి ఆడపిల్లల్నే దించారు. మందు కొట్టిన చేలోనే పొద్దుగూకేదాకా!

“తల తిరిగేది బిడ్డా, ఎండకనుకుంటిమి,” అంది పెద్దమ్మ. “కండ్లు మండితే నీళ్లు కొట్టుకుంటిమి. మళ్లీ సాలు పట్టుకుంటిమి. అది మందు వాసనకని ఎవలు జెప్పిండ్రు?”

ఆడవాళ్ల సంఘాలు చేసి చూపించారు

ఇదంతా మార్చలేమా అంటే, మార్చిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. 1980ల చివర్లో మన మహబూబ్‌నగర్, నల్గొండ వైపు ఆముదం చేలను ఎర్ర గొంగళిపురుగు తెల్లారేసరికి మోడు చేసేది. పెద్దయ్యాక దాని ఒంటి వెంట్రుకల మీద ఏ మందూ పనిచేసేది కాదు. అప్పుడు కొన్ని స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రవేత్తలు కలిసి రైతులతో చేయించింది ఎంత సులువైన పనో చూడండి. తొలకరి పడగానే ఊరంతా ఒకే రాత్రి చేలల్లో మంటలు వెయ్యడం. నేలలోంచి లేచిన రెక్కల పురుగులు వెలుతురుకు వచ్చి పడతాయి. మిగిలిన గొంగళ్లకు చాళ్ల మధ్య జిల్లేడు కొమ్మలు వేస్తే వాటి కింద గుంపుగా చేరతాయి, ఏరి పారెయ్యడమే.

ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు ఉంది (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా). పత్తి, మిరప ఊరు. మందులు అరువిచ్చేదీ దుకాణదారే, వడ్డీ వేసేదీ అతనే, పంట కొనేదీ అతనే. ‘సెక్యూర్’ అనే సంస్థ 1999లో అక్కడికి వెళ్లి వేపగింజల కషాయం, మిర్చి వెల్లుల్లి కషాయం గురించి చెబితే మొదట నమ్మినవాళ్లు కొద్దిమందే. దిగుబడి తగ్గకుండా ఖర్చు తగ్గడం కళ్లారా చూశాక మహిళా సంఘాలు పట్టుబట్టాయి. 2003లో పంచాయతీ తమది పురుగుమందులు లేని ఊరని ప్రకటించింది. మందులమ్మేవాళ్లు ఊళ్లోకి రావద్దని కూడా తీర్మానించింది! తర్వాత వేపగింజలు పిండి చేసే యంత్రం కూడా తెచ్చుకున్నారు.

ఆ దారినే 2004–05 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, డ్వాక్రా సంఘాల సమాఖ్యల ద్వారా పురుగుమందులు లేని సాగును పల్లెపల్లెకూ తీసుకెళ్లింది. కొన్నేళ్లలోనే అది లక్షల ఎకరాలకు పాకింది. పొదుపు పుస్తకం రాసే చేతులే కషాయం లెక్కలూ రాశాయి.

వేపగింజ గొప్పతనం

అన్ని కషాయాల్లోకీ పెద్దది వేప. అందులోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగును అక్కడికక్కడ పడగొట్టదు. మొదట దానికి ఆకలి చంపుతుంది. తర్వాత కుబుసం విడవనివ్వదు. కుబుసం విడవలేని పురుగు పెరగలేదు, గుడ్లు పెట్టలేదు. రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఇక్కడే మా మరిదికీ నాకూ తగాదా! “పొద్దున పోయి చూస్తే పురుగులు కింద రాలి ఉండాలి వదినా, అదీ మందంటే,” అంటాడు. ఆకు తినడం మానేసిన పురుగు బతికుంటే మాత్రం మనకేం నష్టం అంటాను నేను.

ఈ వేప గుణం తామే కనిపెట్టినట్టు అమెరికాలోని గ్రేస్ కంపెనీ, అక్కడి వ్యవసాయ శాఖ కలిసి వేపనూనెతో బూజు తెగుళ్లను అణచే పద్ధతి మీద యూరపులో 1994లో పేటెంటు తీసుకున్నాయి. వందనా శివ, మరికొందరు అభ్యంతరం చెబితే 2000లో అది రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. మన అమ్మమ్మలు బియ్యంలో వేపాకు వేసింది అక్కడిదాకా సాక్ష్యమయినట్టే మరి!

ఇక తయారీ. వేపపండ్లు జూన్, జూలైల్లో రాలతాయి. ఏరి, గుజ్జు కడిగేసి, గింజల్ని నీడన ఆరబెట్టాలి. గోనెసంచుల్లో గాలి తగిలేలా నిలవ చెయ్యాలి. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే బూజు పడుతుంది, ఆ గింజ పనికిరాదు. మూడు నెలలు దాటిన గింజ మంచిది, ఏడాది దాటితే సత్తువ పోతుంది. పైపెంకు తీసిన పప్పును దంచి, 5 కిలోల పొడిని గుడ్డలో మూట కట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి మూటను పిండుతూ ముంచుతూ ఉంటే పాలలాంటి రసం దిగుతుంది. దాన్ని వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసుకోవాలి. సబ్బు ఎందుకంటారా, రసం ఆకుకు అతుక్కోవడానికి. ఎండకు ఈ రసం విరిగిపోతుంది కనుక చల్లడం సాయంత్రమే. పెరట్లో పది మొక్కలున్నవాళ్లకు లీటరు నీళ్లకు 50 గ్రాముల పొడి, చిటికెడు సబ్బు చాలు. బెండకు పేనుబంక పట్టినా, మందారానికి పిండినల్లి పట్టినా మొదట్లోనే చల్లాలి. తెల్లగా దూది కప్పినట్టు అయ్యాక ఏ కషాయమూ ఏమీ చెయ్యలేదు, ఆ కొమ్మను కత్తిరించి పారెయ్యడమే.

వావిలాకు కషాయమైతే ఇంకా సులువు. 5 కిలోల ఆకును 10 లీటర్ల నీళ్లలో అరగంట ఉడికించి, చల్లార్చి, వడకట్టి, సబ్బు కలిపి 100 లీటర్లు చేసుకోవడం. బాలింత స్నానానికి కాచే నీళ్లే కదా, మనకు ఒకరు నేర్పాలా!

మిర్చి వెల్లుల్లి కషాయం కాస్త ఘాటు వ్యవహారం. ఎకరానికి 3 కిలోల పచ్చిమిర్చి నూరి నీళ్లలో, అరకిలో వెల్లుల్లి దంచి పావు లీటరు కిరోసిన్‌లో విడివిడిగా రాత్రంతా నానబెట్టి, తెల్లారి రెండూ వడకట్టి సబ్బునీళ్లతో కలిపి 100 లీటర్లు చేస్తారు. చేతులకు ఆముదం రాసుకుని మరీ దిగాలి. ఇది లద్దెపురుగుల్లాంటి మొండివాటికే. పంటకాలంలో ఒకటి రెండుసార్లకు మించి వద్దు. ఎందుకంటే దీని ఘాటుకు అక్షింతల పురుగులు, తేనెటీగలు కూడా తట్టుకోలేవు.

మొక్క నుంచి వచ్చింది కదా, అమృతమే అనుకునేరు! పొగాకు కషాయంలోని నికొటిన్ మనిషినీ పడగొడుతుంది. చర్మం మీద పడ్డా ఒంట్లోకి దిగుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. గన్నేరు జోలికి అసలు పోవద్దు. కషాయం కాచే గిన్నె, గరిటె, వడకట్టే గుడ్డ వేరుగా ఉండాలి, మళ్లీ వంటింట్లోకి రాకూడదు. ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు దీనికీ కావాలి. ఇది పురుగుమందుల దుకాణం వాడు చెప్పడు, కషాయాల మోజులో ఉన్నవాళ్లూ చెప్పడం లేదు.

ఇంకో గిన్నె పొయ్యి మీద...

ఇప్పుడు నన్ను తొలిచే సంగతికి వస్తాను. కషాయం గురించి మాట్లాడే ప్రతి సభలోనూ “ఖర్చు లేని సాగు” అంటారు. వింటే ఒళ్లు మండుతుంది నాకు. గింజలు ఏరడం, కడగడం, ఆరబెట్టడం, పెంకు తీయడం, దంచడం, నానబెట్టడం, పిండడం, ఆకు కోసుకురావడం, కాచడం... ఇవన్నీ ఎవరు చేస్తారట? డబ్బా మూత తీస్తే అయిపోయే పని ఇప్పుడు రెండు రోజుల పని అయింది. దానికి కూలి లెక్క లేదు కనుక ఖర్చు లేదు! మన వంటకు ఖర్చు లేనట్టే, మన అంట్లకు ఖర్చు లేనట్టే.

పెద్దమ్మ ఈ మాటనే నాకన్నా సూటిగా అంది. “మందుకైతే ఆయన పైసలు వెట్టిండు, నా పానం తిన్నది. కషాయానికి పైసలు లేవు, నా పొద్దు తింటది. రెండిట్ల ఏది మంచిదంటే కషాయమే బిడ్డా. పానమన్న ఉంటది. కానీ పొద్దు కూడ నాదే గదా!”

అందుకే పైన చెప్పిన మహిళా సమాఖ్యలు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది కషాయాల దుకాణం. పురుగుమందులు లేని సాగు చేసే ఊళ్లల్లో సంఘం తరఫున ఒక మహిళ కషాయాలు తయారు చేసి లీటరుకింత అని అమ్మేది. పశువులు లేనివాళ్లు, తీరిక లేనివాళ్లు కొనుక్కునేవాళ్లు. అక్కడ అదే పని, అవే చేతులు. కానీ పనికి ధర ఉంది! రోలు బదులు పునుకుల వాళ్ల లాగా యంత్రం ఉంటే మరీ మంచిది. ఊరికి ఒకటి ఉన్నా చాలు.

పట్నంలో ఉండేవాళ్లకు ఇందులో ఏం పని అంటారేమో. “మందులు లేని” అని రాసిన కూరగాయలో, టీ పొడో కొనేటప్పుడు ధర చూసి ఉలిక్కిపడతాం కదా. నేనూ పడతాను. ఆ పై రూపాయల్లో దంచినవాళ్ల కూలి ఎంత, దుకాణం లాభం ఎంత అని అడగడం మనకు చేతనవుతుంది. ఉల్లిగడ్డ కిలోకి రెండు రూపాయలు తగ్గించే దాకా కదలని వాళ్లం, ఆ మాత్రం అడగలేమా?

ఈ జూన్‌లో మా మరిది వచ్చి, “వదినా, వేపగింజలు ఏరించి పెట్టు,” అన్నాడు. మిరపలో తామరపురుగుకు నాలుగు రకాల మందులు మార్చి విసిగిపోయాడులెండి. “ఏరిస్తాను, కూలి రోజుకెంత ఇస్తావు?” అన్నాను. తెల్లబోయాడు. “గింజలకు కూడా కూలా?” అన్నాడు. కలుపుకు ఇచ్చినంతే ఇమ్మన్నాను. పెంకు తీసే పనికి తననూ కూర్చోమన్నాను. రెండు రోజులు గొణిగాడు. మూడో రోజు పెద్దమ్మకు, ఇంకో ఇద్దరికి కలుపు కూలి లెక్కనే కట్టి, తను కూడా అరుగు మీద రాయి పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి వేలు నలగ్గొట్టుకుని లేచిపోయాడనుకోండి! గింజలు మాత్రం రెండు గోనెలయ్యాయి. వెనక గదిలో గాలి ఆడేట్టు చెక్క మీద పెట్టించాను. మిరప నాటేది ఆగస్టులో. అప్పటిదాకా వారానికోసారి గోనె విప్పి, బూజేమైనా పట్టిందేమోనని చూడాలి.